చెంచాతో అచ్చేసిన క్యాలెండర్

డిసెంబరు మొదటివారంలో ప్రెస్సు వదిలి ఊరెళ్ళాడంటే ఆ ప్రింటరుకి ఆర్డర్లు లేవనే మా వీధిలో అనుకుంటారు. బెజవాడలో ఆ నెలంతా మాకు క్యాలెండర్లే. శివకాశి నుంచి లక్ష్మీదేవులు, వెంకటేశ్వరస్వాములు కట్టలు కట్టలుగా దిగుతారు. బొమ్మ కింద వదిలిన జాగాలో కిరాణా కొట్టు పేరో నగల షాపు పేరో ఫోన్ నంబరుతో సహా మేం వేసిస్తాం. సంక్రాంతి దాకా మెషీన్ చల్లారదు. సరిగ్గా ఆ రోజుల్లో మా మేనకోడలు ఫోన్ చేసింది. ఆ పిల్ల శాంతినికేతన్ కళాభవన్‌లో ప్రింట్‌మేకింగ్ చదువుతోంది.

“మావయ్యా, ఈసారి మా బ్యాచ్ వాళ్ళం క్యాలెండర్ వేస్తున్నాం. నందన్ మేళాకి రా, చూద్దువుగాని.”

“ఎన్ని వేస్తున్నారే?”

“నలభై.”

“నలభై వేలా?”

“నలభయ్యే మావయ్యా.”

మా దగ్గర నలభై కాపీలంటే రంగులు కుదిరేలోపు వేస్టేజీ కింద పోయే కాగితం. దానికోసం అంతమంది పిల్లలు నిద్రలు మానుకుని కూర్చున్నారంటే ఆ లెక్కేమిటో చూడాలనిపించింది. మెషీన్‌మన్‌కి పనులు అప్పజెప్పి, పార్టీలకి ఏవో సాకులు చెప్పి బయల్దేరాను.

హౌరా దాకా ప్రయాణం గురించి చెప్పుకోవడానికేం లేదు. అక్కణ్ణుంచి శాంతినికేతన్ ఎక్స్‌ప్రెస్ పొద్దున పది దాటాక కదులుతుంది. సుమారు 150 కిలోమీటర్లు, రెండున్నర గంటల్లోపే. బర్ధమాన్ దాటేదాకా రెండువైపులా వరికోతలు. పెట్టెలోకి ఝాల్‌మురీ అబ్బాయి ఎక్కాడు. మరమరాల్లో పచ్చి ఆవనూనె పోసి కలిపిచ్చేసరికి మొదట ముక్కు మండింది, రెండో గుప్పెడుకి అలవాటైపోయింది. వాడు దిగాక ఏక్‌తారాతో ఒక బావుల్ ఎక్కి రెండు పాటలు పాడి, చిల్లర పోగుచేసుకుని పక్కపెట్టెలోకి వెళ్ళాడు. బోల్పూర్‌లో దిగి టోటో ఎక్కితే కళాభవన్ ఎంతో దూరం లేదు. బస మాత్రం జేబు వదిలించేసింది. డిసెంబరులో కలకత్తా జనమంతా ఇక్కడికే వస్తారు కాబట్టి, మామూలు గదికి పెళ్ళిళ్ళ సీజన్‌లో కల్యాణమండపం రేటు చెప్పారు.

విశ్వవిద్యాలయం గ్యాలరీ అంటే నా మనసులో ఉన్న బొమ్మ వేరు. ఏసీ హాలు, తెల్లగోడలు, సంతకాల పుస్తకం, ప్రారంభించే వైస్‌ఛాన్సలరు. కళాభవన్‌కీ అలాంటి గ్యాలరీ ఒకటుంది. నందన్ అంటారు. కానీ దాని దగ్గరికి నడిచేలోపే ఎదురొచ్చినవి ఎక్కువ. ఏ మలుపు తిరిగినా ఓ సిమెంటు విగ్రహం, గోడ మీద బొమ్మ, చెట్టు కింద బల్ల వేసుకుని మట్టి పిసుకుతున్న కుర్రాడు. ఠాగూర్ 1901లో ఇక్కడ బడి పెట్టాడు. 1919లో కళాభవన్ మొదలైంది, 1921లో విశ్వభారతి. నందలాల్ బోస్‌ని పిలిపించి కళాభవన్ అప్పగిస్తే, ఆయన 1951 దాకా దాన్ని నడిపాడు. 2023లో యునెస్కో వాళ్ళు శాంతినికేతన్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఇక్కడ పిల్లలు నందలాల్ పేరు పెట్టి పిలవరు. ఆయన చనిపోయిన 1966 తర్వాత ఎన్నో ఏళ్ళకి పుట్టినవాళ్ళు కూడా ‘మాస్టర్‌మశాయ్’ అనే అంటారు, ఇప్పుడే పక్క గదిలోకి వెళ్ళాడన్నట్టు.

ఆయన పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు రెండు రోజులు, ఒకటో తేదీ, రెండో తేదీ, నందన్ మేళా. పౌష్ మేళా వేరు, ఇది వేరు. అది ఊరందరి తిరునాళ్ళు, ఇది కళాభవన్ వాళ్ళ ఇంటి సంత. 1973లో మొదలైంది. దినకర్ కౌశిక్ ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజులు. చదువుకునే పిల్లలకి జబ్బు చేసినా, దెబ్బ తగిలినా చేతిలో డబ్బు లేక ఇబ్బంది పడకూడదని ఒక సహాయనిధి పెట్టుకున్నారు. ఆ నిధికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? విరాళాలు అడగలేదు. గురువులూ శిష్యులూ కలిసి ఏదో ఒకటి చేసి అమ్ముదామనుకున్నారు. ఇప్పటికీ అంతే. పెయింటింగు, శిల్పం, గ్రాఫిక్స్, టెక్స్‌టైల్, సిరామిక్, కళాచరిత్ర, ఏ విభాగం దుకాణం ఆ విభాగానిదే. వచ్చిన డబ్బు మాత్రం నిధిది. చేసినవాడి జేబులోకి పైసా పోదు.

ఈ చివరి మాట మా మేనకోడలు చాలా మామూలుగా చెప్పింది. నేను మాత్రం నడుస్తున్నవాణ్ణి ఆగిపోయాను. మా వ్యాపారంలో జేబులోకి ఏమీ రాని పనికి ఎవడైనా ఎలా చేస్తాడో నాకు తెలుసు. కాగితం పలచన చేస్తాడు, సిరాలో నూనె కలుపుతాడు. కాబట్టి ముందు వాళ్ళ క్యాలెండరే చూపించమన్నాను.

గ్రాఫిక్స్ వాళ్ళ దుకాణం వెదుళ్ళూ గడ్డీ కట్టి వేసిన పందిరి. తాడు మీద బట్టల క్లిప్పులతో ప్రింట్లు వేలాడుతున్నాయి. క్యాలెండరుకి ఆరు షీట్లు, షీటుకి రెండు నెలలు. కాగితం నేపాల్ నుంచి వచ్చే చేతి కాగితం, అంచులు కత్తిరించలేదు, వెలుతురుకి పెడితే నార పోగులు కనిపిస్తాయి. ప్రతి షీటుకీ రెండు ప్లైవుడ్ పలకలు చెక్కారు. ఒకటి జేగురు రంగుకి, ఒకటి నలుపుకి. చెక్కేటప్పుడు అంకెలన్నీ తిరగేసి చెక్కాలి, లేకపోతే అద్దంలో చూసినట్టు పడతాయి. పలక మీద రోలరుతో సిరా పామి, మూలన అంటించిన రెండు అట్టముక్కలకి కాగితం ఆనించి పరుస్తారు. మా ఆఫ్‌సెట్‌లో రిజిస్ట్రేషన్ అనే దాన్ని ఈ అట్టముక్కలు చూసుకుంటాయి. తర్వాత ప్రెస్సు లేదు, ఏమీ లేదు. స్టీలు చెంచా తీసుకుని దాని వీపుతో కాగితం మీద రుద్దడమే. మధ్యలో ఓ మూల ఎత్తి చూస్తారు. నలుపు సరిపోకపోతే మళ్ళీ రుద్దుతారు.

“చెంచా ఎందుకే, లోపల రోలర్ ప్రెస్సు ఉంది కదా?”

“ప్రెస్సులో వేస్తే కాగితమంతా ఒకే ఒత్తిడి పడుతుంది మావయ్యా. చెంచాతో అయితే ఎక్కడ నలుపు చిక్కగా కావాలో అక్కడ గట్టిగా రుద్దొచ్చు. ఇదిగో, ఈ చెరువు చూడు.”

చూశాను. చెరువులో నీళ్ళ నలుపు ఒడ్డు దగ్గర పలచబడి, మధ్యకి వచ్చేసరికి వెల్వెట్ లాగా దిగింది. ఒకే పలక, ఒకే సిరా, ఒకే దఫా. మా నాలుగు రంగుల మెషీన్‌లో ఇలాంటి నలుపు తేవాలంటే నలుపు కింద నీలం కూడా వేస్తాం. తిప్పి చూస్తే కాగితం వెనకవైపు చెంచా రుద్దిన చోటల్లా నిగనిగలాడుతోంది. ఆ మెరుపుని బట్టి ఎవరు అచ్చేశారో చెప్పగలమంటారు పిల్లలు. ఒకమ్మాయి గుండ్రంగా రుద్దుతుంది, ఒక కుర్రాడు నిలువుగా. ఆరు షీట్లు, నలభై కాపీలు, రెండేసి పలకలు. అంటే 480 సార్లు రుద్దాలి, పాడైనవి కాక. అందరి కుడిచేతి బొటనవేలికీ బొబ్బలున్నాయి.

జులై షీటులో ఒక పొరపాటు జరిగింది. 24లో నాలుగు అంకె చెక్కినవాడు తిరగేయడం మరిచాడు, అచ్చులో ఎడమచేతి వాటంగా పడింది. మా దగ్గరైతే పార్టీ డబ్బివ్వడు, మళ్ళీ సొంత ఖర్చుతో వేసివ్వాలి. ఇక్కడ దాని గురించి తెలిసి, “ఆ తప్పు నాలుగున్న క్యాలెండర్ ఇదేనా?” అని అడిగి మరీ కొంటున్నారు. ఇది నాకు నచ్చలేదు. తప్పుని ముద్దు చేయడం చదువుకున్నవాళ్ళ జబ్బు. ఆ మాట అంటే మా మేనకోడలు నవ్వి, చెక్కిన కుర్రాణ్ణి పిలిచి నా ముందు నిలబెట్టింది. వాడు పాపం బెంగాలీలో ఏదో గొణిగి తల గోక్కున్నాడు. రెండో పలక చెక్కుదామన్నా సమయం లేకపోయిందట. వాడికీ అది ముద్దుగా ఏం లేదు.

క్యాలెండర్ ధర ఆరువందలు. మా దగ్గర హోల్‌సేల్‌లో ఇరవై రూపాయలకి దేవుడి బొమ్మ వస్తుంది. ఆరువందలు ఎక్కువా అంటే, గ్యాలరీలో ఇలాంటి ఉడ్‌కట్ ఒక్కటి ఫ్రేము కట్టి పెడితే దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. ఇక్కడ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఆపారు. ఒకావిడ, మంచి తాంత్ చీర కట్టుకున్నావిడ, మూడు తీసుకుంటాను తగ్గించమని చాలాసేపు బేరమాడింది. పిల్లలు చాలా మర్యాదగా, చాలా మొండిగా కుదరదన్నారు. ఆమె వెళ్ళిపోయి, ఒక చుట్టు తిరిగి వచ్చి మూడూ కొనుక్కుంది. ముప్ఫై రూపాయల గ్రీటింగ్ కార్డులూ అక్కడే ఉన్నాయి. సాయంత్రం హాస్టలు మెస్సులో పనిచేసే ఆడవాళ్ళు వచ్చి వాటిల్లోంచి ఏరుకున్నారు. వాళ్ళు ఏరుకున్నవీ, చీరావిడ పక్కన పడేసినవీ దాదాపు ఒకటే. నాకు ఎవరి అభిరుచి నచ్చిందో చెప్పను.

మిగతా దుకాణాల్లో రంగులేసిన మట్టి మూకుళ్ళు, సిరామిక్ కప్పులు, బాటిక్ గుడ్డలు, విత్తనాలతో గుచ్చిన దండలు, చేత్తో కుట్టిన డైరీలు. డైరీల బైండింగు నిఖార్సైనది, వెన్ను దగ్గర దారం లాగి చూశాను. ఒకచోట పది నిమిషాల్లో మన మొహం గీసిస్తున్నారు. నాకూ గీశారు, మీసం తప్ప మిగతాదంతా ఎవరిదో. తిండి దుకాణాలు కూడా పిల్లలవే. ఆ చలిలో కొత్త ఈతబెల్లం వేసి చేసిన పిఠేలు తింటుంటే మన అరిసెలకి ఇంకా నెలన్నర ఉందే అనిపించింది.

నందన్ లోపలికి మధ్యాహ్నం వెళ్ళాను. మేళా హడావుడి నుంచి వచ్చినవాడికి ఆ చల్లదనం హాయిగానే ఉంది. లోపల ఉన్నవి చాలావరకు కొత్తవాళ్ళ పనులు. గోడంత ఎచింగులు, బల్ల మీద ఏవో దొరికిన వస్తువులు, చీకటి మూలలో వీడియో. బీర్‌భూమ్ జిల్లాలో రాళ్ళ క్వారీలు ఎక్కువ. ఒక విద్యార్థి ఆ క్రషర్ల దగ్గర్నుంచి రాతిపొడి తెచ్చి నేలమీద పలచగా పరిచి, అందులో గట్టి చీపురుతో ఇంటి నక్షా గీశాడు. వంటిల్లు, పడకగది, పశువులశాల. చూడ్డానికి వచ్చినవాళ్ళ చెప్పులకి అంటుకుని ఆ పొడి హాలంతా పాకిపోయింది. ఊరి ఇళ్ళల్లోకి అది ఎలా వస్తుందో అలాగే. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కొన్ని మాత్రం బొమ్మకన్నా పక్కన అంటించిన రాత పెద్దది. ఆ రాత కూడా బూడిదరంగు అక్షరాలు, ఎనిమిది పాయింటు సైజు. చదివించే ఉద్దేశం లేనప్పుడు అచ్చేయడం ఎందుకో నాకు ఈ జన్మకి అర్థం కాదు.

నందలాల్‌కి ఆ జబ్బు లేదు. ఈ మాట ఒక ప్రింటరుగా చెబుతున్నాను. 1930లో ఠాగూర్ చిన్నపిల్లల కోసం ‘సహజ్ పాఠ్’ వాచకం రాస్తే, దానికి ఈయన లినోకట్ బొమ్మలు చెక్కాడు. ఉత్త నలుపు తెలుపు. ఎంత చవక కాగితం మీదైనా, ఎంత అరిగిన మెషీన్ మీదైనా చెడిపోని బొమ్మలు. బెంగాలీ పిల్లలు ఇప్పటికీ వాటితోనే అక్షరాలు దిద్దుకుంటున్నారు. అదే ఏడు ఉప్పు సత్యాగ్రహానికి నడుస్తున్న గాంధీని కర్రతో సహా లినోలియం మీద చెక్కాడు, దేశమంతా అది గాంధీ బొమ్మైపోయింది. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో కాంగ్రెస్ మహాసభలకి పందిళ్ళు అలంకరించమని గాంధీ అడిగితే, దర్జీ, కుమ్మరి, డప్పు వాయించేవాడు, వడ్రంగి, వీళ్ళందరినీ చేతి కాగితం మీద మట్టిరంగులతో వేశాడు. తన చేత్తో 80 పైచిలుకు వేస్తే, శిష్యులు నకళ్ళు తీసి మొత్తం 400 దాకా చేశారు. సభకి నడిచొచ్చే రైతు దారిలో చూడాలని వేసినవి. మన రాజ్యాంగం తొలిప్రతికి పుటల చుట్టూ బొమ్మలు వేసింది కూడా ఆయనా, ఆయన శిష్యులే. దాన్ని డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియా ప్రెస్సు ఫోటోలితోలో అచ్చేసింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి అది కాశీయాత్ర లాంటి విషయం.

ఇంకో సంగతి. 1917లో అమెరికాలోని లింకన్ అనే ఊరి జనం శాంతినికేతన్ బడిపిల్లలకి ఒక అచ్చుయంత్రం కానుకగా ఇచ్చారు. అంటే కళాభవన్ కంటే ముందే ఇక్కడ ప్రెస్సు ఉంది. ఈ మాట చెప్పినప్పుడు నా మొహంలో గర్వం చూసి మా మేనకోడలు, “అదేదో నువ్వే ఇచ్చినట్టు” అంది.

మర్నాడు పొద్దున్నే జనం రాకముందు రామ్‌కింకర్ బైజ్ విగ్రహాల దగ్గరికి తీసుకెళ్ళింది. బంకురాలో మంగలి కుటుంబంలో 1906లో పుట్టిన మనిషి. 1925లో ఇక్కడికి వచ్చి, 1980లో పోయేదాకా ఇక్కడే. ‘సంతాల్ కుటుంబం’ 1938 నాటిది. ఊరు మారుతున్న సంతాల్ జంట. మగమనిషి భుజాన కావడి, ఒక బుట్టలో బిడ్డ, పక్కన ఆలి, కాళ్ళ దగ్గర కుక్క. మామూలు మనుషులకన్నా పెద్దది. దూరం నుంచి చూస్తే నడుస్తున్నట్టే ఉంటుంది. దగ్గరికి పోయి చూస్తే అది మొరం. ఇక్కడి నేలలో దొరికే ఎర్రటి కంకర, సిమెంటు, ఇసుక కలిపి, ఇనప చువ్వల చట్రం మీద ముద్దలు ముద్దలుగా విసిరి కొట్టి, గట్టిపడుతుండగా చెక్కాడు. కంచు పోత పోయించే స్తోమత లేదు కాబట్టి ఇల్లు కట్టే సరుకుతో కట్టాడు. ఆ స్త్రీ మోచేతి దగ్గర కంకర గులకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. అన్నేళ్ళ వాన వాటి మధ్య సిమెంటుని తినేసి గులకల్ని బయటికి తెచ్చింది. ఇప్పుడు పైన కప్పు వేశారు.

కాస్త దూరంలో ‘మిల్లు పిలుపు’, 1956. బియ్యం మిల్లు కూత వినగానే ఇద్దరు ఆడవాళ్ళు పరిగెడుతున్నారు, వెనక ఓ పిల్లాడు. గాలికి ఎగిరే గుడ్డ కూడా కాంక్రీటే, బరువు మాత్రం కనిపించదు. బోల్పూర్ చుట్టుపక్కల ఇప్పటికీ రైసుమిల్లులు ఉన్నాయి. ఆ పరుగులో నవ్వు ఉందా భయం ఉందా అని మేమిద్దరం వాదించుకున్నాం. ఆ పిల్ల నవ్వు అంది. డ్యూటీకి ఆలస్యమైన మెషీన్‌మన్‌ని రోజూ చూసేవాణ్ణి, నేను ఒప్పుకోలేదు.

ఇక్కడే ఒక కంచు విగ్రహం కథ చెప్పింది. సోమనాథ్ హోర్ అని ఒకప్పుడు గ్రాఫిక్స్ విభాగానికి పెద్ద. 1943 కరువులో చచ్చిపోతున్న జనాన్ని చిట్టగాంగ్‌లో గీసిన మనిషి. వియత్నాం యుద్ధం గురించి తల్లీబిడ్డల విగ్రహం ఒకటి పోత పోశాడు, ఆయన చేసినవాటిలో అన్నిటికన్నా పెద్దది. 1977లో అది కళాభవన్ నుంచే దొంగతనమైంది, మళ్ళీ దొరకలేదు. 2004లో ఠాగూర్ నోబెల్ పతకం కూడా ఇక్కడి మ్యూజియం నుంచే పోయింది. కంచూ బంగారమూ పోయాయి. చెట్ల కింద కాపలా లేకుండా నిలబెట్టిన మొరం, సిమెంటు మాత్రం అలాగే ఉంది, ఎత్తుకుపోయినా కిలోకింత అని ఎవడూ కొనడు కదా.

హోర్ చేసిన ‘గాయాలు’ ప్రింట్లని లైబ్రరీ పుస్తకంలో చూపించింది. అందులో సిరా లేదు. మట్టి పలకని కత్తితో కోసి, దాని మీద సిమెంటు అచ్చు తీసి, అందులో కాగితపు గుజ్జు పోసి ఆరబెట్టాడు, అంతే. తెల్లకాగితం మీద తెల్లగా కోత. సిరా లేకుండా అచ్చు ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

‘కాలోబారి’ అనే నల్ల ఇల్లు కళాభవన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది. 1930లలో కట్టారు. మట్టిగోడలు, మీద తారు పూత. గోడల మీద మట్టితోనే ఎత్తుగా చేసిన బొమ్మలు. భార్హుత్ స్తూపం నుంచి ఒకటి, ఈజిప్టు నుంచి ఒకటి, అస్సీరియా సింహం ఒకటి, మహాబలిపురం ఒకటి. పుస్తకాల్లో చూసినవన్నీ ఆనాటి పిల్లలూ గురువులూ కలిసి గోడకెక్కించారు. ఇది మ్యూజియం కాదు, హాస్టలు. పెద్ద తరగతుల పిల్లలు ఇందులో ఉండేవారు. తారు ఎందుకంటే వానకి మట్టి కరగకుండా. మట్టీ తారూ కాబట్టి మళ్ళీ మళ్ళీ పూయాలి, లేకపోతే పోతుంది.

దాదాపు ఇలాంటి పనే కె.జి. సుబ్రమణ్యన్ చేశాడు. 1944లో ఇక్కడికి విద్యార్థిగా వచ్చినవాడు, ఆ తర్వాత గురువు. ఒక భవనం బయటి గోడలన్నిటి మీదా నలుపు తెలుపులో జంతువులు, మనుషులు, దేవతలు అల్లుకుపోయేట్టు వేశాడు. కొన్నేళ్ళకి రంగు వెలిసింది. 2009లో, 85 ఏళ్ళ వయసులో, మళ్ళీ పరంజా ఎక్కి మొత్తం కొత్తగా వేశాడు. పాతది నకలు తీయలేదు, వేరే బొమ్మలు వేశాడు. మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌కి బరోడాలో గురువు ఈయనే. సొంతూరు నిజాంపూర్ మేకలూ మనుషులూ లక్ష్మాగౌడ్ ఎచింగుల్లోకి ఎక్కడం వెనక ఈయన పాఠం ఎంతుందో ఆ గోడ చూస్తే కాస్త తెలుస్తుంది.

తెలుగువాళ్ళకీ ఈ చోటుకీ రాకపోకలు పాతవే. చిత్రకారులు కొండపల్లి శేషగిరిరావు గారు హైదరాబాద్‌లో చదివి ఇక్కడ నందలాల్ దగ్గరికి వచ్చారు. అంతకు చాలాముందే బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకి కళాభవన్ నుంచి రమేంద్రనాథ్ చక్రవర్తి పాఠం చెప్పడానికి వెళ్ళాడు. ఉడ్‌కట్‌లో ఆయన ఆరితేరినవాడు. బందరు పక్కనే పెడన, కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కే ఊరు. మా అమ్మమ్మగారి ఊరు కూడా అదే. ఆ ఉలి పట్టుకున్న చేతుల్ని చిన్నప్పుడు చూసి పెరిగాను గనక, మా మేనకోడలు ప్లైవుడ్ మీద తలొంచుకుని చెక్కుతుంటే మా అక్క భయపడినట్టు నేను భయపడలేదు. ఉద్యోగం ఏం వస్తుందని మా అక్క అడుగుతూనే ఉంటుంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, కళాభవన్ దగ్గర ఉన్నట్టూ కనిపించలేదు.

రెండోరోజు సాయంత్రం నేలంతా అల్పనా వేశారు. ముందు నందలాల్ కాలంలో సుకుమారీదేవి, తర్వాత ఆయన కూతురు గౌరీ భంజా దీన్ని ఇక్కడ పాఠంగా చేశారు. చిన్న గుడ్డపేలిక తెల్లరంగులో ముంచి అరచేతిలో పట్టుకుంటే, వేలి మీదుగా రంగు దారం లాగా దిగుతుంది. గీత మొదలుపెట్టిన పిల్ల నడుము ఎత్తకుండా వెనక్కి వెనక్కి నడుస్తూ చెట్టు మొదలు దాకా పోయింది, ఎక్కడా తెగలేదు. చీకటి పడ్డాక పాటలు, డోలు, ఎవరెవరో దీపాల బుట్టలు తలమీద పెట్టుకుని ఊరేగింపు. జనం తొక్కిడికి అరగంటలో ఆ అల్పనా సగం పోయింది. వేసినవాళ్ళే ముందు దానిమీద ఎగిరారు.

రాత్రి పొద్దుపోయాక గ్రాఫిక్స్ పందిట్లో లెక్కలు. క్యాలెండర్లు అన్నీ అయిపోయాయి. రేకు డబ్బాలోంచి నోట్లు తీసి కట్టలు కడుతున్నారు, ఒకడు నోటుబుక్కులో రాస్తున్నాడు. కాగితానికి, సిరాకి, ప్లైవుడ్‌కి ఎంతయిందో అడిగాను. చెప్పారు. నేను వేలిమీద లెక్కగట్టి, పనిగంటలకి మా బెజవాడ కూలీ వేస్తే క్యాలెండర్‌కి మూడువేలు దాటుతుందన్నాను.

“పాడైన షీట్లు ఏం చేశారు?” అని కూడా అడిగాను. మా దగ్గర అవి కిలోల లెక్కన పోతాయి.

“చింపేశాం మావయ్యా. నలభై అని రాశాక నలభై ఒకటో కాపీ ఉండకూడదు.”

“మా మెషీన్‌మన్‌ని ఓ నెల ఇక్కడికి పంపిస్తే నేర్పుతారా? ఆ నలుపు వాడు చూడాలి.”

“నేర్పుతాం. ఆ నెల వాడి జీతం ఎవరిస్తారు?”

డబ్బా దగ్గర కూర్చున్న కుర్రాడికి తెలుగు రాదు, అయినా జీతం అన్న మాట అర్థమైనట్టుంది, తలెత్తి నావైపు చూశాడు.

“నేనే ఇవ్వాలి,” అన్నాను. “సంక్రాంతి అయ్యాక మాట్లాడదాం.”